రాత్రంతా ఎందుకు ఆగారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కడుపులో, పేగుల్లో రక్తస్రావం గురించినవే ఎక్కువ. విడదీసి చూస్తే సగం ప్రశ్నలు కావు, ఫిర్యాదులు. అది ఎందుకు చేయలేదు, ఇది ఎందుకు ఇవ్వలేదు అని. ఒకటైతే కిందిగీతలతో సహా ఐదు పేజీలుంది. దానితోనే మొదలుపెడతాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకి ఆరు నెలలుగా మాత్రలు వాడుతున్నారు. ఒక రాత్రి ఉన్నట్టుండి నెత్తురు కక్కుకున్నారు. ఒంటిగంటకి ఆసుపత్రిలో చేర్చాం. సెలైన్ పెట్టి, ఒక ఇంజెక్షన్ ఎక్కించి, ఎండోస్కోపీ మాత్రం పొద్దున పదింటికి చేశారు. హిమోగ్లోబిన్ 7.8 ఉన్నా ఒక్క సీసా రక్తం ఎక్కించలేదు. ఇవ్వడానికి మేం నలుగురం గుమ్మం బయటే నిలబడి ఉన్నాం. ‘రక్తం ఆగే ఇంజెక్షన్’ ఇవ్వండని బతిమాలినా వినలేదు. పుండుకి క్లిప్పు వేశామని చెప్పి కూడా ఇంకో మూడు రోజులు ఉంచుకున్నారు. నాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఇది నిర్లక్ష్యం కాదా? రిపోర్టులు జత చేస్తున్నాను. (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: ఉత్తరం రెండుసార్లు చదివాను. కాగితాలన్నీ చూశాను. నాకు నిర్లక్ష్యం కనిపించలేదు. ఆ రాత్రి డ్యూటీలో నేనున్నా ఇంచుమించు అదే చేసేదాన్ని.

మీరు బయట బల్ల మీద కూర్చుని లెక్కపెట్టిన ఆ తొమ్మిది గంటలు లోపల ఊరికే గడవలేదు. కేస్‌షీట్ చూడండి. వచ్చినప్పుడు నాడి 112, పై బీపీ 104. తెల్లవారుజామున నాలుగింటికి నాడి 88, బీపీ 122. అంటే సెలైన్‌తో మనిషి నిలదొక్కుకున్నారు. అదే పేజీ మూల చిన్న అక్షరాలతో 13 అని రాసి, చుట్టూ సున్నా చుట్టారు. అది గ్లాస్గో బ్లాచ్‌ఫర్డ్ స్కోరు. నాడి, బీపీ, హిమోగ్లోబిన్, రక్తంలో యూరియా, నల్ల విరేచనం, స్పృహ తప్పడం, కాలేయ జబ్బు, గుండె బలహీనత, వీటికి మార్కులు వేసి కూడతారు. గరిష్ఠం 23. ఎండోస్కోపీ అక్కర్లేకుండా మంచం పక్కనే తేలిపోయే లెక్క ఇది. సున్నా, ఒకటి వస్తే ఇంటికి పంపి తర్వాత తీరిగ్గా పరీక్ష చేయొచ్చు. యూరియా ఎందుకంటారా? కడుపులో కారిన రక్తం కూడా మాంసకృత్తే కదా, పేగు దాన్ని అరిగించుకుంటుంది. అలా అరిగిన రక్తం యూరియాగా లెక్కకొస్తుంది. మీ నాన్నగారి యూరియా ఆ రాత్రి బాగా పెరిగి ఉంది. ఆ రక్తం కారడం అప్పుడే మొదలైంది కాదన్నమాట.

13 అంటే తక్కువేం కాదు. మరి అర్ధరాత్రే ఎండోస్కోపీ గొట్టం ఎందుకు వేయలేదు? నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఫోన్ రాగానే లేచి పరిగెత్తేదాన్ని. రెండింటికి గొట్టం దించితే కెమెరాకి ఎర్రటి తెర తప్ప ఏమీ ఆనేది కాదు. నీళ్లు కొట్టి కడిగితే కాలేజా ముక్కల్లాంటి గడ్డలు వచ్చి గొట్టంలో రక్తాన్ని పీల్చే దారి మూసేసేవి. రోగిని ఇటు తిప్పి, అటు తిప్పి, చివరికి ‘పొద్దున మళ్లీ చూద్దాం’ అని చేతులు కడుక్కున్న రాత్రులు చాలా ఉన్నాయి.

హాంకాంగ్ పరిశోధకులు ఈ అనుమానాన్నే పరీక్షకి పెట్టారు. స్కోరు 12, అంతకన్నా ఎక్కువ ఉన్న 516 మందిని తీసుకున్నారు. నిపుణుడికి కబురు అందిన ఆరు గంటల్లోపు కొందరికి, ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య మిగతావారికి ఎండోస్కోపీ చేశారు. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. నెలరోజుల్లో చనిపోయినవారు తొందరపడ్డ గుంపులో నూటికి 8.9, ఆగిన గుంపులో 6.6. ఆ తేడా లెక్కకి నిలిచేంతది కాదు గానీ, తొందరపడ్డందువల్ల మేలు లేదని మాత్రం తేలింది. ఇంకో సంగతి చూడండి. తొందరగా చూసినవారిలో నూటికి 60 మందికి లోపల వైద్యం చేయాల్సి వచ్చింది, ఆగినవారిలో 48 మందికే. ఆ గంటల్లో యాసిడ్ తగ్గించే మందు తన పని చేసిందన్నమాట. యాసిడ్‌లో రక్తం గడ్డ నిలవదు, కడుపులోని పెప్సిన్ దాన్ని కూడా అరిగించేస్తుంది. యాసిడ్‌ని అణిచిపెడితే గడ్డ పట్టుకుంటుంది. మీరు ‘ఒక ఇంజెక్షన్’ అని రాసింది దాన్నే.

అయితే సెలైన్, రక్తం ఎంత ఎక్కించినా బీపీ నిలవనివారిని ఆ పరిశోధనలో చేర్చలేదు. వాళ్ల విషయంలో గడియారం చూడటం ఉండదు, వెంటనే దిగాల్సిందే. మీ నాన్నగారు ఆ కోవలో లేరు.

ఇక రక్తం సంగతి. నలుగురు కొడుకులూ గుమ్మంలో నిలబడి ఉంటే వద్దనడం ఏ డాక్టరుకైనా కష్టమే. బార్సిలోనాలో 921 మందితో చేసిన పరిశోధన 2013లో వచ్చింది. ఒక గుంపుకి హిమోగ్లోబిన్ 7కి దిగాకే రక్తం ఎక్కించారు, రెండో గుంపుకి 9 దగ్గరే మొదలుపెట్టారు. ఆరు వారాల తర్వాత బతికున్నవారు మొదటి గుంపులో నూటికి 95, రెండో దాంట్లో 91. తక్కువ ఎక్కించినవాళ్లే ఎక్కువమంది బతికారు. మొదటి గుంపులో సగం మందికి అసలు రక్తమే అవసరం పడలేదు. ముఖ్యంగా కాలేయం దెబ్బతిన్నవారిలో రక్తం ఎక్కించేకొద్దీ పేగుల నుంచి కాలేయానికి వెళ్లే సిరలో ఒత్తిడి పెరిగి, మూతపడ్డ చోటు మళ్లీ తెరుచుకుంటుంది. కుండపోతగా కారుతున్నవారికి, అప్పుడే గుండెపోటు వచ్చినవారికి ఈ లెక్క వర్తించదు. గుండె జబ్బు ఉన్నవారికి 8 దగ్గరే ఎక్కిస్తాం. 7.8 ఉండి, గుండె బాగుండి, నాడి దిగుతున్న మనిషికి ఆగడమే సరి.

‘రక్తం ఆగే ఇంజెక్షన్’ అంటే ట్రానెగ్జామిక్ యాసిడ్. కాన్పు తర్వాత రక్తస్రావంలో, ప్రమాదాల్లో గాయపడ్డవారిలో ప్రాణాలు నిలబెట్టిన మందే అది. అందుకే కడుపు రక్తస్రావానికీ పనికొస్తుందని అందరం ఆశపడ్డాం. 15 దేశాల్లో 12,009 మందితో చేసిన హాల్ట్-ఇట్ పరిశోధన 2020లో ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. ఐదు రోజుల్లోపు రక్తస్రావంతో చనిపోయినవారు మందు ఇచ్చిన గుంపులో నూటికి 3.7, ఉత్త సెలైన్ ఇచ్చిన గుంపులో 3.8. పైగా కాళ్ల సిరల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మందు గుంపులో రెట్టింపైంది. మీరు బతిమాలినా ఇవ్వని ఆ డ్యూటీ డాక్టరు చదువుకుంటున్న మనిషే.

ఇదంతా రాస్తుంటే నా హౌస్‌సర్జన్ రోజులు గుర్తొచ్చాయి. 1990ల మొదట్లో నెత్తురు కక్కుకుంటూ ఎవరొచ్చినా ముక్కులోంచి గొట్టం వేసి ఐసునీళ్లు పోసి, లాగి, మళ్లీ పోసేవాళ్లం. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయని నమ్మకం. రెండు గంటలకి నా వేళ్లు మొద్దుబారిపోయేవి. రోగి వణికేవాడు. బయట చుట్టాలకి మాత్రం ఎంతో తృప్తిగా ఉండేది, డాక్టరమ్మ రాత్రంతా కూర్చునే ఉందని. దానివల్ల ఒరిగిందేమీ లేదని తర్వాత తేలింది. చలికి రక్తం సరిగా గడ్డకట్టదు కూడా.

మీ రిపోర్టులో ‘ఫారెస్ట్ 2ఎ’ అని ఉంది కదా, మూడు రోజులు ఉంచింది అందుకే. 1974లో ఫారెస్ట్ అనే ఆయనా, తోటివాళ్లూ పుండ్లని చూడగానే వర్గాలుగా విడదీశారు. రక్తం చిమ్ముతుంటే 1ఎ, ఊరుతుంటే 1బి. తెల్లగా శుభ్రంగా ఉన్న పుండు 3. మీ నాన్నగారిది మధ్యలోది. రక్తం ఆగింది, కానీ పసుపు తెలుపు కలిసిన పుండు అడుగున గుండుసూది తలంత ఎర్రటి బుడిపె నిలబడి ఉంది. ఫొటోలో మీకూ కనిపిస్తుంది. అది తెగిన రక్తనాళం మొన. దాని చుట్టూ పలుచన చేసిన అడ్రినలిన్ పొడిస్తే మెత్తటి పొర ఉబ్బి, నాళాన్ని నొక్కుతుంది. ఆ తర్వాత క్లిప్పు. రెండు దవడలు తెరుచుకుని, బుడిపె రెండు పక్కలా ఆని, టక్కున మూసుకుంటాయి. చేతికి ఆ ‘టక్కు’ తెలుస్తుంది. ఎన్నేళ్లైనా అప్పటిదాకా నేను ఊపిరి బిగబట్టే ఉంటాను.

తర్వాతి 72 గంటలే గండం. హాంకాంగ్‌లోనే 2000 సంవత్సరంలో 240 మందికి ఇలా లోపల వైద్యం చేశాక, సగం మందికి మూడు రోజులు ఒమెప్రజోల్ అనే యాసిడ్ తగ్గించే మందు ఆగకుండా ఎక్కించారు. నెలలోపు మళ్లీ రక్తం కారింది వాళ్లలో నూటికి 6.7 మందికి, మందు ఇవ్వనివారిలో 22.5 మందికి. ఆ మూడు రోజుల గది అద్దె మీకు గుచ్చుకుని ఉండొచ్చు, కాదనను.

మీ కోపానికి చోటు వేరే ఉంది. ఆరు నెలలు నొప్పి మాత్రలు, కడుపుకి కాపు లేకుండా. ఆ మాత్రలు నొప్పితోపాటు కడుపు లోపలి జిగురు పొరని నిలబెట్టే రసాయనాలనీ ఆపేస్తాయి. పుండు పడ్డా ఆ మాత్రే నొప్పి తెలియనివ్వదు. అందుకే ముందు హెచ్చరిక లేకుండా నెత్తురు కక్కుకోవడమే తొలి లక్షణం అవుతుంది. ఇంకొకటి. ‘రెండు రోజులుగా నల్ల విరేచనం’ అని కేస్‌షీట్ మొదటి పేజీలోనే ఉంది. మీ ఐదు పేజీల ఉత్తరంలో ఎక్కడా లేదు. డ్యూటీ డాక్టరు అడిగితే నాన్నగారు చెప్పారు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు ఆ రాత్రి జరిగిన తొమ్మిది గంటల ఆలస్యం గురించి అడిగారు. అసలు ఆలస్యం ఈ రెండు రోజులది.

ప్రశ్న: రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. వారంగా విరేచనం నల్లగా వస్తోంది. ఫొటో పంపుతున్నాను, ఏమీ అనుకోకండి. (ఒక పాఠకురాలు)

జవాబు: అనుకోవడానికేముందమ్మా, నా ఫోన్‌లో ఉన్న ఫొటోలన్నీ అలాంటివే. ఇది ఐరన్ నలుపులాగే ఉంది, పచ్చదనం కలిసిన నలుపు, గట్టిగా ఉంది. బిస్మత్ ఉన్న కడుపు మందులకీ ఇలాగే అవుతుంది. రక్తం నలుపు వేరు. తారులా మెరుస్తుంది, జిగటగా అంటుకుంటుంది, నీళ్లు పోసినా జారదు. వాసన ఒక్కసారి తగిలితే జన్మలో మరిచిపోరు. మీకు కళ్లు తిరగడం, గుండెదడ లేవని రాశారు కాబట్టి కంగారు లేదు. జిగట, వాసన తోడైతే మాత్రం నాకు ఫొటో పంపకండి, ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: అమ్మకి నాలుగేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. అప్పటినుంచి రోజూ చిన్న ఆస్పిరిన్. పోయిన నెల కడుపులో పుండు పగిలి రక్తం కారింది. ఎండోస్కోపీ చేసి ఆపారు. గుండె డాక్టరు ఆస్పిరిన్ మళ్లీ మొదలుపెట్టమంటున్నారు. రక్తం కార్చిన మందునే మళ్లీ ఎలా మింగించమంటారు? మేం దాచేశాం. (ఇద్దరు అక్కచెల్లెళ్లు)

జవాబు: దాచినది బయటికి తీయండి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికే ఆలస్యమవుతుందని విడిగా కూడా మీకు రాశాను.

మీ భయం నాకు అర్థమవుతుంది, ఒకప్పుడు మా భయమూ అదే. 2010లో వచ్చిన పరిశోధనలో మీ అమ్మగారిలాంటి 156 మందిని తీసుకున్నారు. పుండుకి లోపల వైద్యం చేశాక సగం మందికి ఆస్పిరిన్ కొనసాగించారు, సగం మందికి ఆపారు. అందరికీ యాసిడ్ తగ్గించే మందు ఇచ్చారు. మీరు అనుకున్నట్టే మళ్లీ రక్తం కారడం ఆస్పిరిన్ వాడినవారిలో ఎక్కువ: నూటికి 10.3, ఆపినవారిలో 5.4. కానీ ఎనిమిది వారాల్లో చనిపోయినవారు ఆస్పిరిన్ వాడినవారిలో 1.3, ఆపినవారిలో 12.9. పుండు మళ్లీ కారితే మళ్లీ గొట్టం వేసి ఆపగలం. గుండెలో గడ్డకడితే అంత వ్యవధి ఉండదు. కాబట్టి ఆస్పిరిన్, దానితోపాటు యాసిడ్ తగ్గించే మాత్ర, రెండూ. గుండె జబ్బు ఏదీ లేకుండా ‘ముందుజాగ్రత్త’ అని ఆస్పిరిన్ మింగుతూ రక్తం కార్చుకున్నవారికి మాత్రం ఈ మాట చెప్పను. వాళ్లు ఆపేయడమే మేలు.

అమ్మ రిపోర్టులో ‘హెచ్.పైలోరి లేదు’ అని ఉంది. కడుపులో పుండ్లు పుట్టించే క్రిమి అది. ఆ పరీక్ష రక్తం కారుతున్న రోజున చేశారు. ఆ సమయంలో, పైగా యాసిడ్ మందు మీద ఉన్నప్పుడు, క్రిమి ఉన్నా దొరక్కపోవడం మామూలే. ఇంకోసారి చేయించండి. ఈ క్రిమికి దాక్కోవడం మొదటినుంచీ అలవాటే. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దాన్ని పెంచబోతే ఎన్నిసార్లూ మొలవలేదు. ఈస్టర్ సెలవుల్లో క్రిముల్ని పెంచే పళ్లేలు మామూలుకన్నా ఎక్కువ రోజులు ఉండిపోతే అప్పుడు మొలిచింది. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన రసాన్ని తానే గటగటా తాగి, కడుపు మంట తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. అమ్మకి ఆ క్రిమి ఉంటే రెండు వారాల మందులతో పోతుంది. పోయిందని మళ్లీ పరీక్ష చేసి నిర్ధారించుకుంటే ఆస్పిరిన్ ఇంకా నిశ్చింతగా వాడొచ్చు.

ప్రశ్న: నాకు 52. ఏడాదిగా విరేచనంలో అప్పుడప్పుడు ఎర్రటి రక్తం. మొలలనుకుని పూత మందు రాసుకుంటున్నాను. మలపరీక్షలో రక్తం లేదని వచ్చింది. ఇక కొలనోస్కోపీ ఎందుకు? (ఒక పాఠకుడు)

జవాబు: కంటికి కనిపించిన రక్తాన్ని కాగితం లేదంటే కాగితాన్ని నమ్ముతారా? ఆ పరీక్ష ఏ లక్షణమూ లేనివారిని వడపోయడానికి. ఆ రోజు పట్టిన నమూనాలో రక్తం లేదంటే ఆ రోజు కారలేదనే అర్థం. మొలలే అయ్యుండొచ్చు, చాలామందికి అవే. కానీ మొలలూ పెద్దపేగు కాన్సరూ ఒకే మనిషిలో ఉండకూడదని నియమం లేదు. కొలనోస్కోపీకి తేదీ తీసుకోండి.

ప్రశ్న: వయసు 74. రెండేళ్లలో ఆరుసార్లు రక్తం ఎక్కించారు. పైనుంచి రెండుసార్లు, కిందనుంచి రెండుసార్లు గొట్టం వేసి చూసి ఏమీ లేదన్నారు. మెట్లెక్కితే ఆయాసం. ఇప్పుడు కెమెరా ఉన్న మాత్ర మింగమంటున్నారు. అది బయటికి రాకపోతే? (పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, పై గొట్టం ఆగేచోటికీ కింది గొట్టం ఆగేచోటికీ మధ్య మీటర్ల పొడవున చిన్నపేగు ఉంది. ఆ చీకటి దారి చూడటానికే ఈ మాత్ర. క్షిపణుల కెమెరాల మీద పనిచేసిన ఇజ్రాయెల్ ఇంజనీరు గావ్రియల్ ఇడాన్‌కి వచ్చిన ఆలోచన ఇది, 2000లో లోకానికి తెలిసింది. పొడవు 26 మిల్లీమీటర్లు, లావు 11. సెకనుకి రెండు బొమ్మల చొప్పున ఎనిమిది గంటలు తీస్తే 57,600 బొమ్మలు. అవన్నీ ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. మా విభాగంలో ఆ ఎవరో ఒకరు నేనే. ఎర్రటి చుక్క ఒక్క బొమ్మలోనే కనబడి మాయమవుతుంది. తుమ్మితే పోయింది. ఇప్పుడు అనుమానం ఉన్న బొమ్మల్ని కంప్యూటరే ఏరి ముందు పెడుతోంది, నా కళ్లకి కాస్త తెరిపి.

రక్తస్రావం కోసం మింగినవారిలో మాత్ర ఇరుక్కోవడం నూటికి ఒకరిద్దరికి. పేగు ఎక్కడైనా ఇరుకుగా ఉందన్న అనుమానం ఉంటే ముందుగా దానంతే ఉండి కరిగిపోయే ఉత్తుత్తి మాత్ర మింగించి చూస్తారు. అసలు మాత్ర బయటికి వచ్చేదాకా ఎంఆర్ఐ తీయించుకోకండి. ముఖ్యమైనది ఒకటుంది. రక్తం ఎక్కించుకుని తేరుకున్న నెలకి కాదు, హిమోగ్లోబిన్ పడిపోయిన ఆ రెండు మూడు రోజుల్లోనే మింగండి. చుక్క దొరికే అవకాశం అప్పుడే ఎక్కువ.

దొరికితే అక్కడికి చేరే దారీ ఉంది. జపాన్‌లో యమమోతో 2001లో వెలుగులోకి తెచ్చిన రెండు బుడగల గొట్టం. బుడగలు ఒకదాని తర్వాత ఒకటి ఉబ్బించి వెనక్కి లాగుతుంటే, లంగాలో బొందు ఎక్కిస్తున్నప్పుడు గుడ్డ కుచ్చుకుపోయినట్టు, పేగు గొట్టం మీదికి కుచ్చుకుంటుంది. అలా లోపలికి వెళ్లి ఆ చుక్కని కాల్చేస్తాం.

ఇప్పుడు మీరు అడగనిది. మీ ఛాతీ మీద ఈ మధ్య ఎవరైనా స్టెతస్కోప్ పెట్టి విన్నారా? నాలుగు ఎండోస్కోపీ రిపోర్టులు పంపారు, గుండె గురించి ఒక్క కాగితం లేదు. 1958లో హైడ్ అనే వైద్యుడు ఒక పత్రికకి చిన్న ఉత్తరం రాశాడు: గుండె నుంచి బయటికి వెళ్లే కవాటం సున్నం పట్టి బిగుసుకుపోయిన ముసలివాళ్లలో, కారణం దొరకని పేగు రక్తస్రావం కనిపిస్తోందని. ఎందుకో అప్పుడు అంతుపట్టలేదు. దశాబ్దాల తర్వాత తెలిసింది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన వాన్ విలెబ్రాండ్ అనే పొడవాటి మాంసకృత్తు ఆ ఇరుకు కవాటంలోంచి దూసుకెళ్లేటప్పుడు తెగి తుంపులైపోతుంది. పేగులోని పలుచటి నాళాలు చిట్లితే ఆపేవాళ్లుండరు. కవాటం మార్చాక రక్తస్రావం తగ్గిపోయినవారు ఉన్నారు.

మీ ఆయాసం రక్తం తక్కువై కావచ్చు, కవాటం వల్లా కావచ్చు. మాత్ర మింగే వారంలోనే ఎకో, అంటే గుండె స్కాన్, తీయించుకుని రిపోర్టు నాకు పంపండి. ఎండోస్కోపీ ఫొటోలు మళ్లీ పంపనక్కర్లేదు, అవి నా దగ్గర ఉన్నాయి.